ఒనొదెరా డ్యూటీలో ఉన్నాడు

భూమి కింద మూడో అంతస్తులో, పంపుల వరసకి వెనక, ఒక వాల్వు గుంత ఉంది. రెండు నిలువుల లోతు, దిగడానికి ఇనుప నిచ్చెన. మా తీరంలో ఆ అణు విద్యుత్ కేంద్రంలో కూలికి పోయినవాళ్లని ఎవరినైనా అడగండి—రియాక్టరు గోడకి ఆనుకుని అన్నం తినమన్నా తింటాం గానీ, ఆ గుంత దగ్గరికి మాత్రం ఒంటరిగా పోం అంటారు.

ఎందుకంటే... అక్కడ పిలిస్తే పలుకుతుంది.

అక్కడి పనిలో ఊరికే చూసి ఊరుకోవడం కుదరదు. వేలు చాపి చూపించి, గొంతెత్తి చెప్పాలి—“నిచ్చెన గట్టిగా ఉంది, సరే!” పక్కనున్న రెండోవాడు కూడా చూసి, “సరే!” అని తిరిగి చెప్పాలి. అప్పుడే అడుగు ముందుకి. అందుకే ప్రతి పనికీ కాగితం మీద ఇద్దరి పేర్లుంటాయి.

కాగితం మీదే. రాత్రి గుంపు మేస్త్రీ నుమాజిరి ఇద్దరి పనికి ఒక్కడినే పంపేవాడు. రెండో గడిలో ఎప్పుడూ ఒకే పేరు రాసేవాడు—ఒనొదెరా.

ఆ ఒనొదెరా తొమ్మిదేళ్ల కిందటే పని మానేసి సొంతూరు పోయి, ఆ చలికాలమే కాలేయం చెడి కన్నుమూశాడు. అతని శిక్షణ కార్డు మాత్రం మేస్త్రీ సొరుగులో ఉండిపోయింది. ఆ కార్డు పుణ్యమా అని అతను ఏటేటా శిక్షణకి వస్తూనే ఉన్నాడు, పరీక్ష పాసవుతూనే ఉన్నాడు. చచ్చాక కూడా సెలవు దొరకనివాడు వీడొక్కడేరా అని కూలీలు పైన టీ తాగుతూ నవ్వుకునేవాళ్లు.

కింద మాత్రం నవ్వేవాళ్లు కాదు. ఒంటరి మనిషి గుంత అంచున నిలబడి “సరే!” అంటే, అడుగునుంచి ఒక్క క్షణం ఆలస్యంగా, బొంగురుగా... “సరే” అని వచ్చేది. అది విన్నాకే దిగేవాళ్లు. పలకకపోతే ఏం చెయ్యాలో ఎవరికీ తెలీదు. పలకని రాత్రి అంతకుముందు లేదు.

హాగా ఆ గుంపులో కొత్తవాడు. చేపల పడవ అమ్ముకుని, పది నెలలు గోళ్లు గిల్లుకుంటూ కూర్చుంటే, ఆఖరికి దొరికిన పని ఇది. మేస్త్రీ మాట దాటితే మర్నాడే మూటాముల్లె సర్దుకోవాలని అతనికి బాగా తెలుసు. శిక్షణ ఒక పూటే జరిగింది. దీపాలార్పి సినిమా వేశారు, సగంమంది కునుకు తీశారు, పరీక్షకి జవాబులు మేస్త్రీయే చదివి వినిపించాడు. ఆ గుంతలోకి ఏ గాలి రావచ్చో, వస్తే ఏమవుతుందో హాగాకి ఎవరూ చెప్పలేదు. చెడ్డ గాలైతే వాసన రాదా అనుకున్నాడు పాపం.

మొదటి రెండు రాత్రులూ గుంత పలికింది. వెంట్రుకలు నిక్కబొడుచుకున్నా, పళ్లు బిగించి దిగి, అడుగున ఉన్న మీటరు చదువుకుని వచ్చాడు.

మూడో రాత్రి పైన మంచు పడుతోంది. ఒంటిగంట దాటింది. పంపులన్నీ తనిఖీ కోసం ఆపేశారు. ఆ నిశ్శబ్దంలో హాగాకి తన బూట్ల చప్పుడే ఎవరో వెంట వస్తున్నట్టుంది. గుంత దగ్గరికి వచ్చి మూత తీశాడు. వేలు చాపాడు.

“నిచ్చెన గట్టిగా ఉంది—సరే!”

ఏమీ లేదు.

గొంతు సవరించుకున్నాడు. “సరే!”

మాట గుంతలో పడింది. పడి... ఇంక రాలేదు.

లైటు వేసి చూశాడు. మీటరు కనిపిస్తోంది. మంచి వాసనా లేదు, చెడు వాసనా లేదు. మీటరు చదవకుండా పైకి పోతే మేస్త్రీ ఏమంటాడు? దెయ్యం పలకలేదు, అందుకని దిగలేదు అని చెప్పుకుంటాడా? ఆ మాటకి గుంపంతా పడీపడీ నవ్వుతుంది, పని పోతుంది.

హాగా నిచ్చెన మీద ఒక కాలు వేశాడు. రెండోదీ వేశాడు. నాలుగు మెట్లు దిగేసరికి తల గుంత అంచు దాకా వచ్చింది. చివరిసారిగా, చిన్నగా అన్నాడు—

“సరే...?”

ఈసారి వినబడింది. అడుగునుంచి కాదు. చెవి పక్కనే.

హాగా పైకి ఎలా ఎగబాకాడో అతనికే తెలీదు. మెట్ల దగ్గర ఎవరినో ఢీకొని ఇద్దరూ పడ్డారు. ఆవిడ ఇసోబే. కాంట్రాక్టు మనుషుల్ని కనిపెట్టి ఉండి, వాళ్లకి సరిగ్గా పని నేర్పమని కేంద్రంవాళ్లు ఆ నెలే వేసిన పర్యవేక్షకురాలు. కనబడిన ప్రతివాణ్ణీ ఎందుకు, ఎలా అని అడుగుతుందని మేస్త్రీ ఆవిడకి ‘ప్రశ్నల పేరంటాలు’ అని పేరు పెట్టాడు.

హాగా చెప్పలేక గుంతవైపు చెయ్యి చూపించాడు. ఇసోబే తన నడుముకున్న గాలి కొలిచే పెట్టెని తాడుకి కట్టి లోపలికి దించింది. పెట్టె రెండు మెట్ల లోతుకి దిగిందో లేదో, కీచుమని అరవడం మొదలెట్టింది.

గుంత నిండా నైట్రోజనే, ప్రాణవాయువు లేదు. రంగు లేదు, వాసన లేదు. రెండు గుక్కలు పీలిస్తే మోకాళ్లు వాటంతటవే మడతపడతాయి. అరవడానికి కూడా వ్యవధి ఉండదు.

గాలి గొట్టాలు పెట్టి గంటసేపు ఊదాక, మాస్కు వేసుకున్నవాళ్లు దిగి చూశారు. గుంత అడుగున, గొట్టాల దారికి చిన్న ఇనుప తలుపుంది. పగటి గుంపు దాన్ని మూయడం మరిచిపోయింది. అటునుంచే నైట్రోజన్ వచ్చింది. తలుపు మూసి వచ్చాక, ఇసోబే గుంతలోకి వంగి “సరే!” అంది.

“సరే” అని వచ్చింది, బొంగురుగా.

అంతేనన్నమాట. తలుపు మూసి ఉంటే మాట దానికి తగిలి తిరిగొస్తుంది. తెరిచి ఉంటే గొట్టాల్లోకి పోయి మాయమవుతుంది. తొమ్మిదేళ్లుగా కూలీలని వణికించింది ఒక ఇనుప రేకు. హాగాకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

అప్పటికి మేస్త్రీ నుమాజిరి ఆయాసపడుతూ దిగి వచ్చాడు. ఇసోబే పని కాగితం తీసింది. రెండు పేర్లు, రెండు సంతకాలు.

“ఒనొదెరా గారు ఎక్కడ?”

“ఇప్పుడే పైకెళ్లాడండి. కడుపు బాగాలేదట.” మేస్త్రీ హాగావైపు చూశాడు. ఆ చూపులో మూటాముల్లె కనబడింది.

“హాగా గారూ,” అంది ఇసోబే నెమ్మదిగా. “గుంతలో గాలి ఉండకపోవచ్చని మీకెవరూ నేర్పినట్టు లేదు. వాసన కూడా రాదు. నిచ్చెన మీద తల దాకా దిగినవారు, ఎందుకు వెనక్కి వచ్చారు?”

ఇనుప తలుపు సంగతి చెబితే సరిపోతుంది. జవాబు రాలేదు, భయమేసింది అంటే చాలు. పని నిలబడుతుంది. కానీ రేపు రాత్రి ఇంకొకణ్ణి ఒంటరిగా పంపుతారు. ఎల్లుండి మరొకణ్ణి.

హాగా చేతి తొడుగులు తీసి నేల మీద పెట్టాడు.

“ఒనొదెరా గారే చెప్పారండి. రెండుసార్లు పిలిస్తే పలకలేదు. మూడోసారి నా చెవి దగ్గరికి వచ్చి చెప్పారు...” వేలు చాపి కాగితం మీది రెండో పేరు చూపించాడు. “‘నేనిక్కడ లేనయ్యా’ అని.”

ఎవరూ నవ్వలేదు. మేస్త్రీ నుమాజిరి గుంతవైపు చూసి, గోడ పట్టుకుని మెల్లగా కిందకి కూలబడ్డాడు.