గుట్ట కింద దిగిన ఎగిరే పళ్లెం

కుప్పయ్య శవం గుట్ట కింద బీడులో వెల్లకిలా పడి ఉంది. కుడి చీలమండ పైన నల్లగా కాలిన గీత. తలాపున తెల్లటి థర్మోకోల్ పెట్టె, చిరిగిన రబ్బరు బెలూన్.

2001 అక్టోబరు. వడమాలపేట దగ్గరి ఆ ఊరి జనం దూరంగా రోడ్డు మీదే నిలబడిపోయారు.

"రాత్రి ఎగిరే పళ్లెం దిగింది సార్. దాని సెగకే సచ్చినాడు," అన్నాడు ఊరిపెద్ద వెంకటముని. "ముట్టినోళ్లకీ అదే గతి. శవాన్ని ఊళ్లోకి రానీము."

శవం పక్కన కుప్పయ్య భార్య మునిరత్నమ్మ ఒక్కతే కూర్చుని ఉంది.

"పోస్టుమార్టం అయినాక ఇంటికి తెచ్చుకోవద్దంటాండారు సార్. మోసేదానికి నలుగురు లేరు. ఏం పాపం చేసినాడని?"

ఎస్సై సంపత్‌కుమార్‌కు ఒళ్లు మండింది.

"ఇది పళ్లెం కాదప్పా. ఎండా గాలీ కొలిచేదానికి వాతావరణ శాఖ వదిలే బెలూన్ పెట్టె. మనిషిని చంపదు."

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్లయింది. ఎవరూ కదల్లేదు.

సంపత్ పెట్టె తిప్పాడు. అడుగున ఒక మూల ఎర్రటి మరక. వాసన చూశాడు. చందనం, దాని మీద కుంకుమ.

తలెత్తి చుట్టూ చూశాడు. వేరుశనగ చేలన్నీ అడవిపందులు తవ్వి పోశాయి. బీడు పక్కనున్న యోగానంద అనే రైతు చేలో మాత్రం ఒక్క మొక్క కదల్లేదు.

పెట్టెను జీపులో దాచి, అతను యోగానంద మోటారు షెడ్డుకు నడిచాడు. జనం వెంట వచ్చారు.

"నీ చేలోకి పందులు రావా యోగానందా?"

"కాపలా ఉంటాను సార్."

"ఆ పెట్టెను ఎప్పుడు చూసినావు?"

"పొద్దున్నే. అందరితో పాటే."

యోగానంద తల్లి వరలక్ష్మమ్మ మజ్జిగ చెంబుతో వచ్చింది. బీడు వైపు పోవడానికి భయపడి ఆమె అప్పటిదాకా ఇల్లు కదల్లేదు, శవం పక్కన పెట్టెను చూడలేదు. షెడ్డులో మోటారుకు, స్టార్టరుకు, పారకు కూడా చందనం, కుంకుమ బొట్లు.

"ఇన్ని బొట్లు ఎవరు పెట్టినారమ్మా?"

"నేనే నాయనా. ఆయుధపూజ నాడు దేన్నీ వదల్లేదు. మావోడికి దొరికిన తెల్ల పెట్టెక్కూడా పెట్టినా. అదీ మిషనే కదా."

సంపత్ పెట్టె తెప్పించాడు.

"పైన కడిగినావు యోగానందా, అడుగున మరిచినావు. రాత్రి ఆకాశం నుంచి పడినదానికి దసరా బొట్టు ఎట్లొచ్చింది? పందుల కోసం చేను చుట్టూ కరెంటు తీగ లాగినావు. కుప్పయ్య కాలు తగిలింది. తీగ పీకేసి, శవాన్ని బీడుకు ఈడ్చి, పక్కన దీన్ని పెట్టినావు."

యోగానంద చేతులు జోడించాడు. "మనిషి తగులుతాడనుకోలేదు సార్."

వరలక్ష్మమ్మ చేతిలోని చెంబు కింద పెట్టింది. ఎవరినీ చూడకుండా బీడుకు నడిచింది. వంగి కుప్పయ్య నుదుటి మీద చెయ్యి పెట్టింది.

"సూడండప్పా, ముట్టుకున్నా. సంపింది నా కొడుకు, పళ్లెం కాదు."

వెంకటముని తల దించుకుని ముందుకొచ్చాడు. వెనకే మరి ముగ్గురు.

మునిరత్నమ్మ వరలక్ష్మమ్మ చేతిని తోసెయ్యలేదు. ఆమె ముఖం వైపు చూడనూ లేదు.

"ఎత్తండప్పా," అంది.