అటువైపు పోసిన మంచు

"మీరు ఫర్నేస్ మెకానికేనా?"

తలుపు తీసిన బ్రిన్ ఇంట్లోనే ఉన్నా కోటు మీద కోటు వేసుకుని, ఉన్ని టోపీని కనుబొమల దాకా లాక్కుని ఉంది. మాట్లాడుతుంటే నోట్లోంచి పొగ వస్తోంది.

"కాదండీ. నా పేరు ఓరెస్ట్. పక్కింటి గీడో పంపించాడు. హాకీ రింకులో ఐసు నున్నగా చేసే బండి నడుపుతాను."

"నిప్పు రాజెయ్యమని ఐసు చేసేవాణ్ని పంపాడా?"

ఓరెస్ట్ బూట్లకున్న మంచు దులుపుకున్నాడు. ఈ అమ్మాయి డాఫిన్ ఊరి స్కూల్లో బ్యాండు టీచరుగా చేరినప్పటి నుంచి, ఆమె ఎదురుపడితే చాలు, అతని నోట్లో పచ్చి వెలక్కాయ పడుతుంది. మాటలు రావు కాబట్టి వేరే దారి చూసుకున్నాడు. మంచు పడ్డ ప్రతిసారీ, ఆమె లేవకముందే వచ్చి, గీడో మంచు ఊడ్చే మెషిన్‌తో ఆమె వాకిట్లో కారు దారంతా ఊడ్చేసి వెళ్లిపోతాడు. ఆ ఊళ్లో అది మామూలే. ఎవరి వాకిలి ఎవరైనా ఊడుస్తారు, చెప్పుకోరు.

గీడో అంటే అక్కడి యుక్రేనియన్ల మాటలో తాత. ఎనభై దాటిన వాసిల్ ఆ వీధి మొత్తానికి గీడోయే.

"ముందే చెబుతున్నా," అంది బ్రిన్ బేస్‌మెంటు మెట్లు దిగుతూ. "సాయంత్రంలోగా ఇల్లు వేడిచేసే ఈ ఫర్నేసు వెలగకపోతే ప్రిన్సిపాల్‌కి ఫోన్ చేసి మానేస్తున్నానని చెప్పేస్తాను. క్రిస్మస్‌కి విక్టోరియా వెళ్లానంటే మళ్లీ రాను. మా ఊళ్లో సముద్రం ఉంది. టోపీ పెట్టుకుని పడుకోవాల్సిన ఖర్మ లేదు."

ఓరెస్ట్ వెనకే దిగాడు. ఇప్పుడు వెలిగించాల్సింది ఫర్నేసొక్కటే కాదు.

"మెకానిక్ రాలేదా?"

"వచ్చాడు. ఆయన ఎప్పుడొచ్చినా మధ్యాహ్నమే. ఆయన అడుగు పెట్టగానే ఇది బుద్ధిగా వెలుగుతుంది. నన్ను జాలిగా చూసి పోతాడు. మళ్లీ రెండు రోజులకి పొద్దున లేచేసరికి ఆరిపోయి ఉంటుంది. నాకే ఏదో అయిందేమోనని అనుమానం వస్తోంది. ఇవాళేమో ఆయన దూరంగా ఎవరి పొలానికో వెళ్లాడట."

ఓరెస్ట్ తనకు తెలిసినవన్నీ చేశాడు. థర్మోస్టాట్ పెంచాడు. మెట్ల దగ్గర స్విచ్చు ఆపి మళ్లీ వేశాడు. ఫిల్టరు తీసి లైటుకి ఎదురుగా పట్టి చూశాడు. శుభ్రంగానే ఉంది. లోపల చిన్న ఫ్యాను సన్నగా తిరగడం మొదలైంది. వెలిగించే రాడ్డు ఎర్రబడుతుందేమోనని గుండ్రటి అద్దంలోంచి చూడబోయి ఇద్దరూ ఒకేసారి వంగారు. తలలు ఠక్కుమన్నాయి.

"సారీ అండీ."

"పర్లేదు, టోపీ ఉందిగా."

రాడ్డు ఎర్రబడలేదు. ఫ్యాను ఆగిపోయింది. మూలనున్న చిన్న దీపం మినుకుమినుకుమంది.

"అదేం చెబుతోంది?"

"ఏదో బాగాలేదని."

"అది నాకూ తెలుసు." బ్రిన్ మెట్టు మీద కూలబడింది. "ఈ ఊళ్లో నా బాగు కోరేవాడు గీడో ఒక్కడే. ఆ వయసులో తెల్లారకముందే వచ్చి నా దారి ఊడుస్తున్నాడు. ఆయన మెషిన్ చక్రాల గుర్తులు చూశాను. అందుకే వారం వారం అరటిపండు కేకు చేసి ఇస్తున్నా."

ఓరెస్ట్ చటుక్కున ఆమె వైపు తిరిగాడు. ప్రతి ఆదివారం గీడో కాఫీతో పాటు తనకో చిన్న ముక్క కోసి పెట్టడం, ఎవరు చేశారని అడిగితే గోడ వైపు చూడడం, అన్నీ గుర్తొచ్చాయి.

"కేకు చాలా బావుంటుంది," అన్నాడు.

"మీకెలా తెలుసు?"

"గీడో... అంటుంటాడు."

ఏం చేయాలో తోచక, ఫర్నేసులోకి గాలి తెచ్చే తెల్ల గొట్టాన్ని ఊడదీసి లోపలికి చూశాడు. అంతలో ఫ్యాను తిరిగింది, రాడ్డు ఎర్రబడింది, భగ్గుమని నీలిమంట లేచింది.

బ్రిన్ లేచి చప్పట్లు కొట్టింది. అతను పొంగిపోయి గొట్టం తిరిగి బిగించాడు. మంట ఆరిపోయింది. ఊడదీశాడు. వెలిగింది. బిగించాడు. ఆరిపోయింది. ఇద్దరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"ఇది నన్ను ఆడిస్తోందా, మిమ్మల్నా?" అన్నాడు ఓరెస్ట్.

బ్రిన్ మాత్రం గొట్టం వెంట గోడ దాకా చూపు పోనిస్తోంది. "మొన్న మా బ్యాండులో ఓ పిల్లాడి ట్యూబా బూరా మోగలేదు. ఎంత ఊదినా కుయ్యిమనదు. చూస్తే అటు చివర ఎవరో మేజోడు కుక్కారు. ఈ గొట్టం రెండో చివర ఎక్కడుంది?"

"చిమ్నీలో..." అంటూ ఆగిపోయాడు. అతని ఇంటికీ గీడో ఇంటికీ పొగ చిమ్నీలోంచే పోతుంది. ఈ ఇంట్లో మాత్రం వేసవిలోనే కొత్త ఫర్నేసు పెట్టారు. కొత్తవాటి గొట్టాలు పక్క గోడలోంచి బయటికి వస్తాయి. పక్క గోడ అనుకోగానే అతను గబగబా మెట్లెక్కాడు.

బయటికి వెళ్లారు. ఆ గోడకి ఆనుకుని మంచు గుట్ట నడుమెత్తు ఉంది. మధ్యాహ్నం ఎండకి కాస్త కుంగుతుంది కాబోలు, గొట్టం ఉండాల్సిన చోట గుంట పడి, రాత్రి మంచుతో మళ్లీ పూడుకుపోయి ఉంది. మెకానిక్ వచ్చేసరికి ఫర్నేసు ఎందుకు బుద్ధిగా ఉండేదో అప్పుడర్థమైంది.

"పాపం గీడో," అంది బ్రిన్ మెల్లగా. "చూసుకోకుండా ఇటు పోసినట్టున్నాడు. ఆయనకి చెప్పకండి, బాధపడతాడు. పారతో తీసేద్దాం."

అంతే. తను నోరు మూసుకుంటే చాలు. ఫర్నేసు వెలుగుతుంది, ఆమె ఉండిపోతుంది, నింద గీడో మీదికి పోతుంది, కేకూ ఆయనకే పోతుంది. ఓరెస్ట్ పార అందుకున్నాడు. మళ్లీ గోడకి ఆనించాడు.

"గీడో కాదు. నేను."

"ఏంటి?"

"ప్రతిసారీ ఊడ్చేది నేనే. మీ కారు మీద పడకూడదని అంతా ఇటు పోశాను. ఇక్కడ గొట్టం ఉందని నాకు తెలీదు."

"అంటే నన్ను ఇన్నాళ్లూ గడ్డకట్టించింది మీరా?"

"అవును."

"దారి ఊడుస్తున్నానని ఒక్క ముక్క చెప్పలేకపోయారా?"

"ఇక్కడ ఎవరూ చెప్పుకోరు. ఇంకోటి కూడా చెప్పలేదు. మీరంటే నాకు ఇష్టం. మీరు వెళ్లిపోతే ఈ దారి ఊడవడానికి నాకు చేతులు రావు."

బ్రిన్ పార తీసుకుని తనే తవ్వడం మొదలుపెట్టింది. కోపంగా తవ్వుతోందో, నవ్వాపుకుంటూ తవ్వుతోందో వెనక నుంచి అతనికి అంతుపట్టలేదు. గొట్టం మూతి బయటపడింది. కాసేపటికి లోపల భగ్గుమన్న చప్పుడు, పక్కనే పొగ పోయే గొట్టంలోంచి తెల్లటి ఆవిరి.

పక్కింటి గుమ్మంలోకి గీడో వచ్చాడు. చేతిలో కేకు ముక్క.

"గీడో, దారి ఊడ్చేది మీరు కాదని నాకెందుకు చెప్పలేదు?" అంది బ్రిన్.

"నువ్వు అడగలేదుగా, తల్లీ. ఈసారి గింజలు తక్కువెయ్యి, పళ్లకి అడ్డం పడుతున్నాయి."

ఆమె టోపీ తీసేసింది. మొహం ఎర్రగా ఉంది.

"ప్రిన్సిపాల్‌కి ఫోన్ చేస్తారా?" అడిగాడు ఓరెస్ట్.

"చెయ్యను. లోపలికి రండి, ఇల్లు వేడెక్కేదాకా కేకు చేద్దాం. ఈసారి పెద్ద ముక్క మీకు." పార అతని చేతికిచ్చింది. "రేపు మంచు పడుతుందట. ఊడవండి. కానీ అంతా అటువైపు పొయ్యండి."

ఓరెస్ట్ అటు చూశాడు. "అది గీడో దారండీ."

"తెలుసు."