అత్త సంతకం పెట్టిన కాగితం

అక్టోబరు మొదటి శనివారం. పొద్దున్న ఎనిమిదైనా కాలేదు, హురియె అత్త అప్పుడే బాల్కనీలో రేకు పొయ్యి వెలిగించి జానెడు పొడుగు ఎర్ర మిరపకాయలు కాల్చడం మొదలుపెట్టింది. శీతాకాలానికి సరిపడా అయ్వార్ పచ్చడి సీసాల్లోకి ఎక్కితే తప్ప ఆమెకు నెమ్మది ఉండదు. పొగ పై అంతస్తు దాకా పోయింది. పైన ఎవరో కిటికీ ధడాలున మూశారు.

"మూసుకో తల్లీ, సాయంత్రం ఒక సీసా పంపితే నువ్వే తెరుస్తావు," అంది అత్త పైకి చూసి.

ఆమె మేనల్లుడు నజ్మీ కాగితాల కట్టతో బాల్కనీ గుమ్మంలో కుర్చీ వేసుకున్నాడు.

"అత్తా, మన దేశం చుట్టూ ఎన్ని దేశాలున్నాయి?"

"ఏ మన దేశం?"

"అదిగో, అక్కడే బోల్తా కొడతావు! స్విట్జర్లాండ్ అత్తా! పౌరసత్వం అడుగుతున్నది ఇక్కడే కదా, కొసోవోలో కాదు కదా!"

"ఐదు. మంత్రులు ఏడుగురు. రాష్ట్రాలు ఇరవై ఆరు. మిరపకాయలు రెండు బస్తాలు. ఇంకా?"

"ఆ ఏడుగురి పేర్లు చెప్పు."

అత్త పటకారుతో ఒక కాయను తిప్పింది. "వాళ్ళకు నా పేరు తెలుసా?"

"తెలియదు."

"మరి ముందు వాళ్ళని నేర్చుకోమను. పెద్దదాన్ని కదా."

లోపల వంటింట్లో నజ్మీ భార్య వాల్దేత్ కిసుక్కున నవ్వింది. నజ్మీ కుడికాలు నేలని గట్టిగా అదిమింది. అది అతని వృత్తి తెచ్చిన అలవాటు. ఇరవై ఏళ్ళుగా కారు నడపడం నేర్పుతున్నాడు. పక్కసీట్లో పిల్లలు తప్పు చేసినప్పుడల్లా అతని కాలి కింద ఇంకో బ్రేకు ఉంటుంది. ఇంట్లో లేదు. తన దగ్గర నేర్చుకున్నవాళ్ళెవరూ పరీక్షకి రెండోసారి వెళ్ళలేదని చెప్పుకోవడం అతనికి మహా ఇష్టం. ఇప్పుడు అరవై ఎనిమిదేళ్ళ మేనత్త ఆ పేరు పోగొట్టేలా ఉంది.

హురియె ముప్ఫై నాలుగేళ్ళ కిందట భర్తతో హింటర్‌మాట్ అనే ఈ ఊరికి వచ్చింది. ఆయన రోడ్లు వేశాడు. ఆమె ఊరి వృద్ధాశ్రమంలో దుప్పట్లు ఉతికింది. ఆయన పోయి పదకొండేళ్ళు. పిల్లలు లేరు. అప్పటినుంచి నజ్మీ ఇల్లే ఆమె ఇల్లు. బడికి ఎన్నడూ వెళ్ళలేదు. తన పేరు ఆమెకు అక్షరాలుగా తెలియదు, బొమ్మగా తెలుసు. ఆ బొమ్మను ఎక్కడ గియ్యమంటే అక్కడ గీస్తుంది. కానీ ఆ ఊరి యాస మాత్రం ఊళ్ళో పుట్టినవాళ్ళలాగే మాట్లాడుతుంది, ఉతుకుడు గదిలో నేర్చుకున్న తిట్లతో సహా.

పోయిన మార్చిలో ఉన్నట్టుండి ఆమే అడిగింది, "నాకు పౌరసత్వం కావాల్రా." ఎందుకంటే చెప్పలేదు.

"చివరి ప్రశ్న," అన్నాడు నజ్మీ. "ఈ దేశ పౌరురాలివి ఎందుకు కావాలనుకుంటున్నావు?"

అత్త గడగడా అప్పజెప్పింది. "ఈ దేశపు ప్రజాస్వామ్యం, భద్రత, చట్టం నాకెంతో ఇష్టం కాబట్టి."

"శభాష్!"

"శభాషేంట్రా, అవి నా మాటలు కావు. నీవి. అడగాల్సినవాళ్ళు అడిగినప్పుడు నా మాట చెప్తాలే."

"అత్తా, నీకు దణ్ణం పెడతాను, నీ మాట చెప్పకు!"

వంటింట్లోకి వెళ్ళి గ్లాసులో టీ పోసుకుంటుంటే వాల్దేత్ అతని చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఆ ఉత్తరం సంగతి అత్తకి చెప్పావా?"

నజ్మీ చుట్టూ చూశాడు. ఆగస్టులో దరఖాస్తు పెట్టినప్పుడు రాతపరీక్ష పాస్ కావాలన్నారు. చదువు రానివాళ్ళకు మినహాయింపు ఉంది, కారణం రాసివ్వాలి. నజ్మీ నాలుగు లైన్లు రాశాడు. వయసు మీద పడి మా మేనత్తకు కొత్త విషయాలు నేర్చుకునే శక్తి లేదనీ, జ్ఞాపకశక్తి బలహీనమనీ, లోకం పోకడ సరిగా అర్థం కాదనీ రాసి, ఆమె చేతే సంతకం పెట్టించాడు. ఏం రాశావురా అని అడిగింది. కాగితాల భాష అత్తా, అన్నాడు. ఆమె బొమ్మ గీసింది.

"చదివి వినిపిస్తే పెట్టేదా సంతకం?" అన్నాడు గొంతు తగ్గించి.

"అందుకే వినిపించాలి."

"పని జరిగింది కదా! మినహాయింపు వచ్చింది. ఇంక ఆ కాగితం ఎవరు చూస్తారు?"

*

మంగళవారం సాయంత్రం ఐదింటికి పంచాయతీ ఆఫీసులో పౌరసత్వ కమిటీ కూర్చుంది. అధ్యక్షుడు ఇమ్‌హోల్ట్స్, పాడి రైతు. ఆయన పక్కన ఆరెగ్గర్ అని బేకరీ ఆవిడ. తోడు వచ్చినవాళ్ళు మాట్లాడకూడదని ముందే చెప్పి నజ్మీని గోడవార కూర్చోబెట్టారు.

అత్త తన ఒక్కగానొక్క నల్లకోటు వేసుకుంది. ఇమ్‌హోల్ట్స్ కళ్ళజోడు పెట్టుకుని ఫైలు తెరిచి, పైకాగితం చదవడం మొదలుపెట్టాడు.

"హురియె మోరినా గారూ, మీకు అర్థమయ్యేలా నెమ్మదిగా అడుగుతాం. ఇందులో మీరే రాశారు కదా, కొత్తవి నేర్చుకునే శక్తి లేదు, జ్ఞాపకశక్తి బలహీనం, లోకం పోకడ..." ఆయన ఆగి, ఇంకా నెమ్మదిగా, గట్టిగా అన్నాడు, "స-రి-గా అ-ర్థం కా-దు అని."

నజ్మీ కాలు నేలని అదిమింది. నేల ఆగలేదు.

అత్త మెల్లగా మెడ తిప్పి అతని వంక చూసింది. తిట్టే చూపైతే అతనికి అలవాటే. అది అలాంటిది కాదు. దారిలో ఎవరో తెలియని మనిషిని చూసినట్టు చూసి, మళ్ళీ ముందుకు తిరిగింది.

"సంతకం నాదే," అంది. "అందులో ఏముందో మాత్రం ఇప్పుడే వింటున్నాను. మీరేమీ అరవనక్కర్లేదు ఇమ్‌హోల్ట్స్ గారూ, నాకు చెముడని రాయలేదు కదా."

బేకరీ ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"జ్ఞాపకశక్తి అంటున్నారు. ఆశ్రమంలో అరవైమంది బట్టలు ఉతికేదాన్ని. అందరి బట్టలమీదా పేర్లు కుట్టేవాళ్ళు. నాకు చదవడం రాదు. కాబట్టి బట్టల్నే గుర్తుపెట్టుకున్నాను. ఇరవై నాలుగేళ్ళలో ఒకరి చొక్కా ఇంకొకరికి పోలేదు. మీ అమ్మగారు పద్నాలుగో గది. నీలం స్వెట్టరు, పైనుంచి మూడో గుండీ వేరే రంగు. అసలు గుండీ ఆవిడే మింగేసింది, మీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది. ఇక మీ నాన్నగారి లోపలి లాగులు..."

"చాలు, చాలు!" అన్నాడు ఇమ్‌హోల్ట్స్. చెవులు ఎర్రబడ్డాయి. "జ్ఞాపకశక్తి బాగానే ఉన్నట్టుంది. రాసుకోండి ఆరెగ్గర్ గారూ."

"లాగుల సంగతి కూడానా?" అంది ఆవిడ.

ఊరి వెనక కొండ పేరేమిటని అడిగారు. పేరు చెప్పి, దాని నెత్తిన మబ్బు కూర్చుంటే ఆ పూట దుప్పట్లు ఆరేయకూడదని కూడా చెప్పింది అత్త. చెత్త ఏ రోజు ఏది పారెయ్యాలని అడిగితే, ఏది ఎప్పుడో చెప్పడమే కాక, ఎవరు సరిగా పారెయ్యరో కూడా చెప్పబోయింది. ఇమ్‌హోల్ట్స్ గబగబా తర్వాతి ప్రశ్నకు వెళ్ళిపోయాడు.

"చివరిగా. పౌరసత్వం ఎందుకు కావాలి?"

గోడవార నజ్మీ పెదాలు కదిలాయి. ప్రజాస్వామ్యం, భద్రత, చట్టం.

అత్త చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"రెండేళ్ళ కిందట ఊరి సభలో అడిగారు, ఆశ్రమం దగ్గర మెట్లకి ఇనుప పట్టుకమ్మీ వెయ్యాలా వద్దా అని. ఓటు లేనివాళ్ళం తలుపు పక్క బల్లమీద కూర్చున్నాం. చేతులు లెక్కపెట్టారు. కావాలని అరవై ఒకటి. వద్దని అరవై రెండు. ఆ జనవరిలో మంచులో ట్రూడీ ఆ మెట్ల మీదే పడింది. నాతో పాటు ఉతికిన మనిషి. తుంటి విరిగింది. ఇప్పటికీ లేవలేదు. నా చేతులు రెండూ ఖాళీగానే ఉన్నాయి ఆ సభ రోజు. అందుకు."

ఆరెగ్గర్ రాయడం ఆపి తలెత్తింది.

"మీరూ వద్దనే చెయ్యి ఎత్తారు ఇమ్‌హోల్ట్స్ గారూ," అంది అత్త, నింద మోపుతున్నట్టు కాదు, ఉన్నమాట చెబుతున్నట్టు. "నేను చూశాను."

*

ఆ సాయంత్రం నుంచి అత్త నజ్మీతో తమ భాషలో మాట్లాడడం మానేసింది. మాట్లాడడం మానలేదు, అదే అసలు కష్టం. ఊరివాళ్ళ భాషలో, బ్యాంకులో కొత్తమనిషితో మాట్లాడినట్టు మాట్లాడేది.

"నజ్మీ గారూ, తమరు భోజనానికి దయచేస్తారా?"

"అత్తా, ఎందుకిలా..."

"తమరు చెప్పింది నాకు సరిగా అర్థం కాలేదండీ. లోకం పోకడ తెలియనిదాన్ని."

వాల్దేత్‌తో మాత్రం హాయిగా, "ఏమే, ఆ కూర అందుకో," అనేది. నజ్మీ క్షమించమన్నాడు. "పరవాలేదండి," అంది. కొత్త చెప్పులు కొన్నాడు. "శ్రమ తీసుకున్నారు," అంది. తండ్రి చనిపోయాక తనను ఒరే అని పిలిచే మనిషి ఈ భూమ్మీద ఆమె ఒక్కతే అని నజ్మీకి రెండో వారంలో తోచింది. ఆ రోజు కారు నేర్చుకునే పిల్ల ఒకతి గుండ్రటి కూడలిలో తప్పు దారిలోకి తిప్పితే, అతను బ్రేకే తొక్కలేదు.

డిసెంబరులో ఉత్తరం వచ్చింది. కమిటీ అందరూ ఒప్పుకున్నారు. నజ్మీ మెట్లు రెండేసి ఎక్కి వచ్చాడు.

"అత్తా! వచ్చేసింది! పాస్!"

వాల్దేత్ అత్తను కావలించుకుని ఏడ్చేసింది. అత్త కూడా కళ్ళు తుడుచుకుంది. ఆ తర్వాత నజ్మీ వైపు తిరిగి, "చాలా సంతోషమండి," అంది.

అతను కుర్చీలో కూలబడ్డాడు. "ఇంకా ఏం చెయ్యమంటావు అత్తా? నువ్వు నెగ్గావు! ఆ ఉత్తరం ఎవరికీ గుర్తు లేదు!"

హురియె అప్పుడు, రెండు నెలల తర్వాత, అతనితో తమ భాషలో మాట్లాడింది. గొంతు పెంచలేదు.

"ఆ కాగితం ఆ ఫైల్లోనే ఉంది. నేను పోయాక కూడా ఉంటుంది. ఎవడో తెరుస్తాడు. హురియె అనే బుర్రలేని మనిషి ఈ ఊళ్ళో ఉండేదట అనుకుంటాడు. కింద నా సంతకం. నాకు చదవడం రాదని నేనెప్పుడూ సిగ్గుపడలేదు. ఎందుకో తెలుసా? ఇంట్లో చదివేవాడు ఉన్నాడనుకున్నాను. నీ కళ్ళు నావే అనుకున్నాను."

నజ్మీ దరఖాస్తు నెగ్గాలనే రాశానని అనబోయాడు. అది నిజం కాదని అతనికే తెలుస్తోంది. ఆమె నోరు విప్పితే తన పరువు పోతుందనే భయం ఆ నాలుగు లైన్లలో ఉంది. ఆమె గురించి రాస్తూ ఆమెను ఒక్క మాట అడగలేదు. కళ్ళు మసకబారాయి. లేచి తెల్లకాగితం, పెన్ను తెచ్చి బల్లమీద పెట్టుకున్నాడు.

"చెప్పు అత్తా. నువ్వు చెప్పిందే రాస్తాను, ఆ ఫైల్లోనే పెట్టిస్తాను."

ఆమె ఎదురుగా కూర్చుంది.

"రాయి. నా పేరు హురియె మోరినా. నాకు చదవడం రాదు. మా ఊళ్ళో ఆడపిల్లలకి బడి దూరం, ఆవులు దగ్గర. రాశావా?"

"రాశాను."

"నేర్చుకునే శక్తి నాకుంది. ఈ దేశం వచ్చాక భాష నేర్చుకున్నాను, నాలుగు రకాల మిషన్లు నడపడం నేర్చుకున్నాను, మంచులో జారకుండా నడవడం నేర్చుకున్నాను. మొదటి ఉత్తరం నాకు చదివి వినిపించకుండా సంతకం పెట్టించారు. అది రాసినవాడు నా మేనల్లుడు. వాడు..."

పెన్ను ఆగింది. నజ్మీ తలెత్తలేదు.

"వాడు మంచివాడే," అంది అత్త. "తొందర ఎక్కువ. రాయరా, ఆగావేం?"

రా అన్న ఆ ఒక్క అక్షరం విని, అంత వయసు మనిషీ ముక్కు ఎగబీల్చాడు. గుమ్మంలో నిలబడ్డ వాల్దేత్ కొంగులేని మనిషి కాబట్టి వంటగుడ్డతో కళ్ళు ఒత్తుకుంది.

"కాగితం మీద కార్చకు, అక్షరాలు పోతాయి. ఇప్పుడు చదువు."

చదివాడు. ఆమె ఒక చోట సరిచేయించింది. నాలుగు రకాలు కాదు, ఐదు. ఇస్త్రీ మిషన్ మరిచిపోయింది. తర్వాత పెన్ను తీసుకుని, అడుగున, తీరిగ్గా, తన పేరు బొమ్మ గీసింది.

"మళ్ళీ చదువు."

"తప్పేమైనా ఉందా అత్తా?"

"తప్పులేం లేవు. చదువు."

రెండోసారి చదువుతుంటే ఆమె ఒక్క మాట అడ్డు రాలేదు. తను అన్న మాటలు కాగితం మీంచి మళ్ళీ తన చెవికి రావడం, అరవై ఎనిమిదేళ్ళలో, ఆమెకు అదే మొదలు. చెంప కింద చెయ్యి పెట్టుకుని, ఎవరో దూరాన ఉన్న అయినవాళ్ళ కబురు వింటున్నట్టు వింది.

అయిపోయాక కుర్చీ జరిపి చోటు చేసింది.

"ఏమే వాల్దేత్, అక్కడ నిలబడ్డావేం? టీ తెచ్చుకుని ఇలా కూర్చో. వీడు ఇంకోసారి చదువుతాడు."