సందెవేళ తెల్లటి చోటు

పావెల్ మాస్కోలో ఉండగా తెలుగు పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేసినవాడు. భార్య నీనా పోయిన మరుసటి ఏడు, అంటే రెండువేల రెండు ఎండాకాలం మొదట్లో, ఆ పుస్తకాల తెలుగే తోడుగా చిలకలూరిపేట దగ్గర ఓ పల్లెలో గది తీసుకున్నాడు. ఇంటావిడ రహిమున్నీసాను "మహాశయురాలా" అని పిలిచేవాడు. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వి, క్యారేజీ పెట్టి వెళ్లిపోయేది. ఇక రోజంతా ఆయనతో మాట్లాడేవాళ్లు లేరు.

ఆయనది నీటిరంగుల పని. పట్టపగలు కుంచె కాగితాన్ని తాకేలోపే రంగు ఆరిపోయేది, అందుకని సందెవేళే కూర్చునేవాడు. బోరునీళ్లు ఉప్పన, వాటితో వేస్తే రంగు మచ్చలు కట్టేది. పత్తిచేను చివర బావిలో నీళ్లు మాత్రం తియ్యన. వాటిని ఎవరూ ఎందుకు తోడుకోరో ఆయన అడగలేదు, ఓ బిందెడు తెచ్చి గదిలో పెట్టుకున్నాడు.

ఆ నీళ్లతో వేసిన మొదటి బొమ్మలో, చేను అంచున గోరంత చోట రంగు అంటలేదు. ఎన్నిసార్లు పూసినా జారిపోయింది. మర్నాడు అదే చేను వేస్తే ఆ తెల్లటి చోటు గట్టు దాటి ఇవతలికొచ్చింది. మూడోనాటికి అది ఆడమనిషి. తల కాస్త పక్కకి వంచి నిలబడింది, అచ్చం నీనాలాగే. పావెల్ ఆ కాగితం ఒళ్లో పెట్టుకుని సంతోషంతో ఏడ్చాడు. "నీనా" అని పిలిచాడు.

తెల్లారి రహిమున్నీసా బిందె చూసి ఆగిపోయింది.

"ఆ నీళ్లెక్కడియ్యండీ?"

"చేని చివరి బావివి."

"మేం ముట్టమండీ. అందులో ఒకామె పోయింది. ఆమె పేరు కూడా ఊళ్లో ఎవరం పలకం. పిలిస్తే వచ్చిద్ది."

"నేను పిలిచింది నా భార్యను."

ఆవిడ గొంతు తగ్గించింది. "ఏ పేరైతే ఏమండీ... ఇన్నేళ్లుగా దాన్ని పిలిచినవాళ్లే లేరు. పారబోసి, రేపు పొద్దున్నే గుంటూరు బస్సెక్కండి."

ఆయన బిందె పారబోశాడు. గ్లాసెడు మాత్రం దాచుకున్నాడు. ఒక్కసారి నీనా ముఖం దగ్గరగా చూస్తే చాలు, వెళ్లిపోదామనుకున్నాడు.

ఆ సందెవేళ బనీనుతో లోపలే కూర్చుని తన గది గుమ్మాన్నే బొమ్మగా వేశాడు. తలుపు, గడప, వాకిట్లో ఆరబోసిన మిరపకాయలు. ఘాటుకి కళ్లు మండుతున్నాయి. రంగు అంతటా అంటింది. తెల్లటి చోటు ఎక్కడా లేదు. ఆయనకి దిగులు ముంచుకొచ్చింది.

అప్పుడు మిరప ఘాటు పోయింది... గదిలో బావి పాచి వాసన...

"నీనా?"

వెనక్కి తిరగబోతే చేతిలో గ్లాసు ఒలికింది. రంగునీళ్లు ఎడమ ముంజేతి మీదుగా పారాయి. పారుతూ... చీలాయి. నాలుగు చారల మేర చర్మం పొడిగా మిగిలింది. మళ్లీ రంగు పూశాడు. జారిపోయింది.

నీనా చెయ్యి ఆయన గుప్పిట్లో ఇమిడిపోయేది. ఈ వేళ్లు మణికట్టు దగ్గర మొదలై మోచెయ్యి దాటిపోయాయి.

పావెల్ చెయ్యి లాక్కోలేదు. ఏడాదిగా దాన్ని పట్టుకున్నవాళ్లు లేరు. కుడిచేత్తో కుంచె తీసి, ఆ పట్టు ఎందాకా వచ్చిందో చూద్దామని, మిగిలిన రంగు మెల్లగా భుజానికి, ఆపైన మెడకి పూసుకున్నాడు.

అక్కడా అంటలేదు.