ఆరింటి చప్పుడు

ఆ ఇంట్లో రోజూ పొద్దున ఆరింటికి ఒక చప్పుడు వినపడేది. రేకు డబ్బాలో చిన్న రాయి దొర్లినట్టు, టక్ టక్‌మని రెండుసార్లు. మళ్ళీ మర్నాడు ఆరింటిదాకా ఏమీ ఉండదు.

సరిగ్గా ఆరింటికే మానలేడి తన మాత్ర వేసుకునేది. మొదట్లో ఆ చప్పుడు తన మందు సీసాదేనేమో, అత్తగారు వినేస్తుందేమో అని హడలిపోయింది. "సీసాలో దూది కుక్కెయ్ చెల్లీ. మన కొండల్లో మాత్రలు గలగలమంటే అవతలి ఊరివాళ్ళు కూడా లెక్కపెడతారు" అంది ఆసుపత్రిలో మాలిసెబో. ఆవిడకీ హెచ్‌ఐవీ ఉంది. అయినా ఇద్దరు పిల్లల్ని ఆరోగ్యంగా కని, ఇప్పుడు కడుపుతో ఉన్న ఆడవాళ్ళకి జాగ్రత్తలు చెప్పే ఉద్యోగం చేస్తోంది. మానలేడి బుద్ధిగా దూది కుక్కింది. సీసా నోరు మూసుకుంది. చప్పుడు మాత్రం ఆగలేదు. అది గోడ అవతలి గదిలోంచి, అత్తగారు పడుకునే గదిలోంచి వస్తోంది.

మానలేడి ఆమె పుట్టింటివాళ్ళు పెట్టిన పేరు కాదు. మా లెసోతో దేశంలో కోడలు గడప తొక్కగానే కొత్త పేరు పెడతారు, పుట్టబోయే బిడ్డ పేరు అందులోనే ఉంటుంది. మానలేడి అంటే నలేడి తల్లి. ఆ నలేడి ఎవరయ్యా అంటే, ఇరవై ఏళ్ళ కిందట ఈ ఇంట్లోనే కన్నుమూసిన ఆడబిడ్డ, అత్తగారి కూతురు. చచ్చిపోయిన మనిషి పేరు పెళ్ళినాడే తెచ్చి ఈ పిల్ల నెత్తిన పెట్టారన్నమాట. ఆచారం, ఎవరేమంటారు! ఇప్పుడు పుట్టింది కూడా ఆడపిల్లే. పన్నెండు రోజుల నలేడి.

ఆ పొద్దున పొగమంచు గుమ్మందాకా వచ్చి నిలబడింది. గుమ్మం పైన రెల్లుకాడ గుచ్చి ఉంది, లోపల బాలింత ఉందని గుర్తు. అది దించేదాకా తల్లి గడప దాటకూడదు, బయటివాళ్ళు లోపలికి రాకూడదు. అత్తగారు మాతుమేలో జొన్న జావ గిన్నెతో లోపలికి వచ్చింది.

"పిల్ల రాత్రంతా ఏడ్చింది. నీ పాలు చాలట్లేదే. రెండు చెంచాలు పట్టనీ, హాయిగా పడుకుంటుంది."

"వద్దత్తా. ఆర్నెల్లదాకా నా పాలు తప్ప చుక్క నీళ్ళు కూడా పట్టొద్దన్నారు ఆసుపత్రిలో."

"అన్నవాళ్ళు ఎంతమందిని పెంచారట? నేను అయిదుగుర్ని పెంచాను, జావతోనే."

"అందుకేగా మీ అబ్బాయి ఇప్పటికీ జావ గిన్నె చూస్తే పారిపోతాడు."

ముసలావిడ ఫక్కున నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే పిల్ల మొహంలోకి చూసి ఆగిపోయింది.

"ఇది నన్ను చూడదు, గమనించావా? నా భుజం వెనక్కి చూస్తుంది. అక్కడెవరున్నారు?"

"పన్నెండు రోజుల పిల్లకి చూపెక్కడ ఆనుతుందత్తా?"

"ఆనుతుంది. చూడాల్సినవాళ్ళుంటే ఆనుతుంది." ముసలావిడ గొంతు తగ్గించింది. "పొద్దున్నే నీకూ వినపడుతోంది కదూ?"

మానలేడి విననట్టు అటు తిరిగి పిల్లకి పాలివ్వసాగింది. వెనకాల అత్తగారి అడుగుల చప్పుడు, తలుపు కిర్రుమనడం వినపడ్డాయి. తిరిగి చూసేసరికి ఆవిడ లేదు.

దిండు కింద ఫోను గుర్రుమంది. ఆరు. చిక్కుడు గింజల సంచిలోంచి సీసా తీసి, దూది లాగి మాత్ర మింగింది. ఇక పిల్ల మందు. ఆరు వారాలపాటు ఒక్క రోజూ తప్పకుండా పొయ్యాలి. తల్లి రక్తంలోది బిడ్డకి అంటకుండా అదే కాపలా. ఆ మందు సీసా పిల్ల గుడ్డల మూటలో దాచింది. చెయ్యి చాపింది. మూట లేదు.

ఉతకడానికి అత్తగారు పట్టుకెళ్ళిపోయింది.

అదే క్షణంలో చప్పుడు వినపడింది. టక్ టక్. ఈసారి గోడ అవతలనుంచి కాదు, బయటినుంచి, ఇంటి వెనక బూడిద దిబ్బ వైపునుంచి. ఆ దిబ్బలోనే ఆ ఇంటివాళ్ళు పసికందుల్ని పాతిపెట్టేది. చనిపోయిన ఆడబిడ్డ నలేడి కన్న బిడ్డ కూడా అక్కడే ఉంది.

మానలేడి పిల్లని గుండెలకి అదుముకుని రెల్లు కిందనుంచి గడప దాటేసింది. ఆచారం పోతే పోయింది, మందు పోతే పిల్ల పోతుంది. మంచులో తన చేతులే తనకి కనపడటం లేదు. ముందు మాట వినపడింది. ఎవరితోనో మెల్లగా, బుజ్జగిస్తున్నట్టు.

"ఇదిగో నలేడీ, దీనిక్కూడా ఇచ్చారే. నీకిచ్చినట్టే ఇచ్చారు. చూడు."

జవాబేదైనా వస్తుందేమోనని మానలేడి ఊపిరి బిగబట్టింది. రాలేదు. ఇంకో రెండడుగులు వేస్తే అత్తగారి కంబళి కనపడింది. దిబ్బ మీద ఒక్కతే కూర్చుని ఉంది. ఒక చేతిలో పిల్ల మందు సీసా, ఇంకో చేతిలో పాత నశ్యం డబ్బా.

"అత్తా, ఆ సీసా ఇటివ్వు."

ముసలావిడ తిరగలేదు. "నా ఇంటికి ఆ జబ్బు తెచ్చావా?"

"ఎవరు తెచ్చారో నాకూ తెలీదు, మీ అబ్బాయికీ తెలీదు. ఇద్దరం ఒకే రోజు పరీక్ష చేయించుకున్నాం. దూరాన గనిలో పనిచేస్తున్నా ఆయన రోజూ మాత్ర వేసుకుంటున్నాడు. నన్ను తిట్టు, పుట్టింటికి పంపెయ్, నీ ఇష్టం. ముందు సీసా ఇవ్వు. టైము దాటిపోతోంది!"

"నా కొడుకు ఖోత్సోకి కూడానా?" ముసలావిడ డబ్బా ఒళ్ళో పెట్టుకుంది. "ఇద్దరూ నాకు చెప్పలేదు."

"చెబితే ఏం చేసేదానివి?"

అప్పుడు మాతుమేలో డబ్బా మూత తీసింది. అందులో నశ్యం లేదు. పసుపురంగు తిరిగిపోయిన తెల్ల మాత్ర ఒకటి ఉంది.

"నలేడి దీన్ని కొంగున ముడేసుకుని తిరిగేది. నొప్పులు మొదలవగానే మింగాలని ఆసుపత్రిలో ఇచ్చారట. నాకు చెప్పలేదు. నొప్పుల్లో ముడి విప్పుతుంటే చూశాను. ఎవరో మందు పెట్టారు, నా పిల్లని చంపేస్తారు అనుకున్నాను. చేతి మీద కొట్టి లాక్కున్నాను. 'అమ్మా, ఇయ్యవే, బిడ్డ కోసమే' అని ఏడ్చింది. ఇవ్వలేదే నేను. బిడ్డ ఏడు నెలలు బతికింది. దాని వెనకే నలేడీ పోయింది."

మానలేడి పిల్లతో పక్కనే కూర్చుంది.

"నువ్వొచ్చినప్పటినుంచి ఆరింటికి గోడ అవతల మాత్ర మోగేది. ఈ డబ్బాలోదే పిలుస్తోందనుకుని తీసి ఊపి చూసేదాన్ని. తరవాత అవతల చప్పుడు ఆగిపోయింది. అమ్మో, డబ్బా వదిలేసి నీ కడుపులోకి దూరిందేమోనని ఇంకా భయమేసి రోజూ ఊపి చూసుకునేదాన్ని." ముసలావిడ మొదటిసారి కోడలి కళ్ళలోకి చూసింది. "నిజం చెప్పు. ఇది మింగి ఉంటే ఆ బిడ్డ బతికేదా?"

లేదని అనెయ్యొచ్చు. ముసలి ప్రాణానికి కాస్త ఊరట దక్కేది. మానలేడి నోరు తెరిచింది, అబద్ధం రాలేదు.

"ఆ రోజుల్లో ఒక్క మాత్రతో అందరూ బతకలేదత్తా. చాలామంది బతికారు. బతికేదేమో."

మాతుమేలో ఏడవలేదు. డబ్బా మీదికి వంగి, గొడ్డు అంబా అన్నట్టు ఒక్కసారి లోపలినుంచి అరిచింది. ఒళ్ళో పిల్ల ఉలిక్కిపడి కేరుమంది. ఆ ఏడుపు వినగానే ముసలావిడ తలెత్తి, కంబళి కొసతో మొహం తుడుచుకుంది.

"ఎన్నింటికి పొయ్యాలి దీనికి?"

"ఆరింటికి."

"ఇంకా పొయ్యలేదా? మరి దిక్కులు చూస్తావేమే! ఎంత పొయ్యాలో చూపించు."

సీసాకి కట్టి ఉన్న సూది లేని సిరంజిలో గీత దాకా మందు లాగింది ముసలావిడ. దాని కొన పిల్ల నోట్లో పెట్టి మెల్లగా నొక్కింది. పిల్ల చప్పరించి, మొహం వికారంగా పెట్టి, మింగేసింది.

"జావ సంగతో?" అంది మానలేడి కళ్ళనీళ్ళతోనే.

"నువ్వు తాగు. పాలు పడతాయి."

ఆ రోజునుంచి మందు పొయ్యడం మామ్మగారి పనైపోయింది. ఆరో వారంలో రెల్లు దించి, మనవరాలిని తనే వీపున కట్టుకుని ఆసుపత్రికి కొండ దిగింది. మడమ మీద సూది గుచ్చితే పిల్లకంటే ముందు ఆవిడే కెవ్వుమంది. పరీక్ష కాగితం రావడానికి పదిహేను రోజులు పట్టింది. మాలిసెబో చదివి వినిపించింది, పిల్లకి జబ్బు లేదని. పాలు మానేదాకా ఇంకా పరీక్షలున్నాయని కూడా చెప్పింది. "ఎన్నున్నా తీసుకొస్తాను" అంది మాతుమేలో. ఇంటికి రాగానే నశ్యం డబ్బాని ఏడు నెలల బిడ్డ పక్కన బూడిద దిబ్బలో పాతిపెట్టింది.

మర్నాడు చెవి దగ్గర గలగలమన్న చప్పుడుకి మానలేడి అదిరిపడి లేచింది. ఎదురుగా అత్తగారు, చేతిలో మాత్రల సీసా.

"లేవే, ఆరైంది."

"అయ్యో అత్తా, దూది ఏదీ? ఊళ్ళోవాళ్ళు వింటారు."

"పొయ్యిలో వేశాను," అంది మాతుమేలో, సీసా ఇంకోసారి గట్టిగా ఊపి. "విననీ."