అరగంట తేడా

ఆదివారం పొద్దున్నే వారం బట్టలన్నీ మెషిన్లో కుక్కి, మీట నొక్కి, వాషింగ్ మెషిన్ల మెకానిక్ ఎప్పటిలాగే ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నాడు. డ్రమ్ము రెండుసార్లు అటూ ఇటూ ఊగి, బరువు చూసుకుని, అంకె చూపించింది. గంటా ముప్పై అయిదు నిమిషాలు.

అతని నుదురు ముడిపడింది. ఆ ఇంట్లో ఆదివారం ఉతుకంటే రెండు గంటల అయిదు నిమిషాలు. ఏళ్ళ తరబడి అంతే. పోయిన వారం గంటా యాభై చూపిస్తే పోనీలే అనుకున్నాడు. ఇప్పుడు ఏకంగా అరగంట ఎగిరిపోయింది.

"ఏమోయ్, మన మెషిన్ తూకం చెడింది!" అని కేకేశాడు.

"తొందరగా అయిపోతుంటే మంచిదేగా!" వంటింట్లోంచి భార్య అంది. "లోకమంతా ఆలస్యమైందని ఏడుస్తుంది. మీరేమో తొందరైందని ఏడుస్తారు."

మాట నిజమే. అతన్ని పిలిచే ఇళ్ళలో సగం గోల అదే. నలభై నిమిషాలని చూపించి గంటన్నర తిప్పింది, మీ మెషిన్ అబద్ధాలకోరు అని. "అబద్ధం కాదమ్మా, అంచనా," అని అతను ఓపిగ్గా చెప్పేవాడు. "బట్టల బరువు చూసి ముందో లెక్క చెబుతుంది. కుళాయి సన్నగా వస్తే నీళ్ళు నిండేదాకా ఆగుతుంది. నీళ్ళు మరీ చల్లగా ఉంటే కాగేదాకా ఆగుతుంది. పొడి గుప్పిళ్ళతో పోశారనుకోండి, నురగ వదిలేదాకా జాడిస్తూనే ఉంటుంది. దుప్పటి ఒక పక్కకి ముద్దగా చేరితే, పిండబోయి, ఆగి, సర్దుకుని మళ్ళీ మొదలెడుతుంది."

అప్పటికీ నమ్మనివాళ్ళ కోసం అతని దగ్గర ఒక మూట ఉంది. పాత తువ్వాళ్ళు, సరిగ్గా అయిదు కిలోలు. అది వేసి తిప్పితే మెషిన్‌ది తప్పో ఒప్పో తేలిపోతుంది. ఆ మూటకి సంచి కుట్టింది కూతురే, ఎనిమిదో తరగతిలో ఉండగా.

నీళ్ళు దిగకముందే మెషిన్ ఆపేసి, బట్టలు తొట్టిలోకి లాగి, మూట వేశాడు. అయిదు కిలోలకి ఎంత చూపించాలో అంతే చూపించింది. నిమిషం తేడా లేదు.

మెషిన్ బాగానే ఉంది. అతను తొట్టికేసి చూశాడు. తన చొక్కాలున్నాయి. భార్య బట్టలున్నాయి. దుప్పట్లున్నాయి. కూతురివి ఒకే ఒక్క జత.

సరిగ్గా అప్పుడే కూతురు భుజాన సంచి తగిలించుకుని గదిలోంచి వచ్చింది. "నాన్నా, స్నేహితురాలి గదికెళ్ళొస్తా."

"అమ్మలూ, నీ బట్టలేవీ?"

"మెషిన్లో ఉన్నాయిగా."

"మెషిన్ చెప్పాల్సింది చెప్పేసిందమ్మా. ఇక నువ్వు చెప్పు."

కూతురు ఒక్క క్షణం తల దించుకుంది. మళ్ళీ ఎత్తింది. "మెషిన్ల రిపేరు శిక్షణ రేపే మొదలు. వేరే ఊళ్ళో. ఆర్నెల్లు. పెట్టె పట్టుకుని బయల్దేరితే నువ్వు గుమ్మానికి అడ్డం నిలబడతావని, విప్పిన జత విప్పినట్టే ఆ గదికి చేరవేశాను."

"దొంగచాటుగా?"

"వెళతానని ఆరుసార్లు అడిగాను నాన్నా. ఆరుసార్లూ కంచం ముందు నుంచి లేచిపోయావు."

"ఇంటింటికీ తిరిగే పని నా కూతురికొద్దు!"

"ఆ పనే కదండీ ఇన్నాళ్ళూ మన పొట్ట నింపింది," వంటింటి గుమ్మంలోంచి భార్య అంది.

"నువ్వూరుకో! ఇవాళేం మోసుకెళుతోందో చూడనీ," అంటూ అతను సంచి లాక్కుని నేల మీద బోర్లించాడు.

రెండు జతలు, ఒక దువ్వెన, ఎర్ర టేపు చుట్టిన అతని పాత స్క్రూడ్రైవరు. పోయిందనుకున్నది.

ఏరుకోవడానికి కూతురు వంగలేదు. "సరిగ్గా వెతుక్కో నాన్నా. ఇంకేమైనా ఉందేమో," అంది మెల్లగా.

అతను పీట మీద కూలబడ్డాడు.

"ఒక ఇంట్లో ఉంగరం కనబడలేదని నా సంచి ఇలాగే దులిపారమ్మా. గుమ్మంలో, వీధంతా చూస్తుండగా. నేనూ ఇదే మాటన్నాను, సరిగ్గా వెతుక్కోండి అని. చివరికి ఉంగరం మెషిన్ జల్లెడలో దొరికింది. తీసిచ్చింది నేనే. పొరపాటైందని ఒక్కరూ అనలేదు. నీ సంచీ ఇంకొకళ్ళు అలా దులుపుతారేమోనని..." బోర్లించిన సంచికేసి చూశాడు. "చివరికి దులిపింది నేనే."

"నాకెప్పుడూ చెప్పలేదేమండీ!" భార్య కొంగు కళ్ళకద్దుకుంది.

కూతురు అతని ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. "మర్నాడు పనికెళ్ళలేదా నాన్నా?"

"వెళ్ళాను."

"నేనూ వెళతాను."

అతను ఒక్కొక్క బట్టే ఏరి మడతపెట్టబోయాడు. "ఆ గదిలోవన్నీ వెనక్కి పట్టుకురా," అన్నాడు. కూతురి ముఖం పాలిపోయింది. "ఉతికిస్తాను. పెట్టెలో సర్దుకుని, గుమ్మంలోంచే వెళుదువుగాని."

కూతురు కన్నీళ్ళ మధ్యే నవ్వి స్క్రూడ్రైవరు చూపించింది. "ఇదొక్కటే దొంగసొమ్ము నాన్నా."

"ఉంచుకో. నీ చేతికది బాగానే పడుతుంది."

గంటలో బట్టలన్నీ తిరిగొచ్చాయి. మెషిన్ ఊగి, తూచి, అంకె చూపించింది. రెండు గంటల అయిదు నిమిషాలు. ముగ్గురూ ఆ అంకెకేసి చూశారు.

చివర్లో ఒక్క నిమిషం మిగిలిందనగా డ్రమ్ము పిండబోయి ఆగింది. మళ్ళీ తిరిగింది. మళ్ళీ ఆగింది.

"దుప్పటి ముద్ద కట్టింది నాన్నా. ఆపి సర్దనా?"

"వద్దులే అమ్మలూ," అన్నాడు అంకె మీంచి చూపు తిప్పకుండా. "తొందరేముంది. దానంతటదే సర్దుకోనీ."