ఖాళీ చెయ్యని గది

"సార్, ఆ మూల తప్పు మడిసినారు."

ఉరుకుందు చేతిలో దుప్పటి అంచు అట్లాగే ఆగిపోయింది. ఐదేళ్లు, మూడు ఓడలు, వేల పరుపులు. తన మడతలో తప్పు పట్టే మనిషి ఇంకా పుట్టలేదనుకున్నాడు. తల తిప్పి చూస్తే గుమ్మంలో ఒక అమ్మాయి. చెప్పులు చేత్తో పట్టుకుని, ఆదోని బస్సు దుమ్మంతా జడమీద వేసుకుని నిలబడి ఉంది.

"ఎవరు నువ్వు?"

"సంతోషి. అడ్మిషన్‌కొచ్చిన్యా."

"అడ్మిషన్‌కొచ్చినదానికి మూలలతో ఏం పని?"

"తప్పుంటే సెప్పొద్దా? మీరు మడిసినట్ల మడిస్తే మనిషి కాలు సాపుతూనే ఊడొస్తాది. మా లాడ్జీలో దినానికి ఇరవై మంచాలు పరుస్తా నేను."

"ఇది లాడ్జీ కాదు. షిప్పు."

"షిప్పులో మనుషులు కాళ్లు సాపరా?"

బెంచీల మీద కూర్చున్న పదకొండు మందీ ఒక్కసారి నవ్వారు. ఉరుకుందు నవ్వలేదు. దుప్పటి ఆమె మీదికి విసిరాడు. ఆమె చెప్పులు కింద పడేసి, మంచం చుట్టూ రెండు అడుగులు వేసి, మోచేత్తో ఒక్క దెబ్బ కొట్టి మూల మడిచింది. కత్తితో కోసినట్టు వచ్చింది. అతని గుండెలో కూడా ఏదో ఆ కొలతకే మడత పడింది. కోపమే అనుకున్నాడు.

ఎమ్మిగనూరు బస్టాండు వెనక, ఎరువుల దుకాణం మీద ఉన్న ఆ హాలుకు 'హోటల్ అండ్ షిప్ ట్రైనింగ్' అని బోర్డు ఉండేది. రెండు మంచాలు, ఒక నిలువుటద్దం, నీళ్లు రాని ఒక వాష్‌బేసిన్. యజమాని వెంకటేశులు కింద కౌంటర్లో కూర్చుంటాడు. పైన పాఠాలన్నీ ఉరుకుందువే. పెద్దకడుబూరు నుంచి ఓడెక్కిన మొదటి మనిషి అతను. నడుము డిస్కు జారి, డాక్టరు 'అన్‌ఫిట్' అని రాస్తే రెండేళ్ల కింద తిరిగొచ్చాడు.

సంతోషికి పొద్దున క్లాసు కుదరలేదు. ఆదోనిలో పత్తి మార్కెట్ దగ్గరి లాడ్జీలో ఆమే, వాళ్లమ్మ ఏసమ్మే పనివాళ్లు. గదులు పదింటికి ఖాళీ అవుతాయి, దుప్పట్లు ఉతికి ఆరేసేసరికి పన్నెండు. అందుకని ఆమె ఒక్కదానికి మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు క్లాసు పెట్టారు. తలుపు బార్లా తెరిచి ఉండాలని వెంకటేశులు షరతు.

"షిప్పులో మీ పేరు పలికేవాళ్లా సార్?"

"ఉరుకుందు అనేది బ్యాడ్జీలో పట్టదని కుందు అని కొట్టించినారు. బెంగాల్లో అది ఇంటిపేరంట. బెంగాలోళ్లు నన్ను చూసి వాళ్ల భాషలో మాట్లాడేవాళ్లు. నేను తలకాయ ఊపేవాణ్ణి."

"ఏం అడిగినారో తెల్దా?"

"ఒకాయన మూడు దినాలు ఏదో అడిగినాడు. నాలుగోదినం తెలిసింది. తలగడ మార్సమంటాండాడని."

ఆమె మంచం మీద కూలబడి నవ్వింది. పరిచిన దుప్పటి నలిగిపోయింది. మళ్లీ పరవమన్నాడు. ఆ నలిగిన చోటు పోకూడదని లోపల ఎవరో కోరుకోవడం విని ఆశ్చర్యపోయాడు.

"నీకు షిప్పు యాల సంతోషీ? ఈడ హోటళ్లు లేవా?"

ఆమె తలగడ గలీబు తొడుగుతూ ఆలోచించింది. "ఏడేండ్లుగా పరుస్తాండాను సార్. ఒక్కడు, ఒకే ఒక్కడు, 'బాగుందమ్మా' అన్ల్యా. పరిసిన మనిషి ఒకతె ఉంటాదని వాళ్లకు తెల్దు. మా యమ్మ చేతులు సూసినారా? బ్లీచింగు పౌడరుకు గీతలు కూడా అరిగిపోయినాయి. థాంక్యూ అనే చోటికి పోవాల. ఒక్కసారి అనిపిచ్చుకోవాల."

ఓడలో రోజుకు ముప్పైసార్లు అంటారనీ, ముప్పై ఒకటోసారికి ఆ మాట వినబడదనీ అతను చెప్పలేదు.

ఆగస్టు రెండో వారంలో టర్నరౌండ్ డే పాఠం వచ్చింది. ఇంటర్వ్యూలో తప్పకుండా అడిగేది అదే.

"ఒక ట్రిప్పు అయిపోయి ఇంకో ట్రిప్పు మొదలయ్యే దినం," అన్నాడు ఉరుకుందు. "పొద్దున రెండువేల మంది దిగుతారు. మధ్యాహ్నం ఇంకో రెండువేల మంది ఎక్కుతారు. నడిమధ్య మనకు దొరికేది నాలుగు గంటలు. నీ చేతికింద పద్దెనిమిది గదులు."

"పత్తి సీజన్లో మా లాడ్జీ మాదిరి."

"లాడ్జీలో మనుషులు నీకు పరిచయం ఉండరు. ఈడ వారం దినాలు నీతో మాట్లాడింటారు. పిల్లకాయల ఫోటోలు చూపిచ్చింటారు. ఒక ముసలామె పోతా పోతా నీ చేయి పట్టుకొని ఏడుస్తాది. తొమ్మిదిన్నరకు ఆమె దిగిపోతాది. పదికి ఆమె వెంట్రుక కూడా గదిలో ఉండకూడదు. కారిడారంతా దుప్పట్ల గుట్టలు. మంచంకింద చూడాల, సొరుగుల్లో చూడాల. కట్టుడుపండ్ల సెట్లు మర్సిపోతారు, ఛార్జర్లు, మందులు. ఒంటిగంటకు కొత్తోళ్లు. అదే నగుమొగంతో నిలబడాల."

"అదే నగుమొగమా?"

"అదే. వాళ్లకోసమే కొత్తగా పుట్టినట్లుండాల."

"కష్టంగా లేదా సార్ మీకు?"

"అలవాటైతాది."

అలవాటు కాలేదు. ఓడలో మిగతా పనివాళ్లు మధ్యాహ్నానికల్లా దిగినవాళ్ల ముఖాలను దుప్పట్లతోపాటు సంచిలో వేసి లాండ్రీకి పంపేసేవారు. ఉరుకుందు పంపలేకపోయేవాడు. దిగిపోయినవాళ్లు అతనిలోనే గదులు తీసుకుని ఉండిపోయేవారు. ఈ అమ్మాయి ఓడెక్కితే మొదటి నెలలోనే ఆ విద్య నేర్చుకుంటుంది. ఆమె చెయ్యి చురుకైనది. ఎరువుల దుకాణం మీది హాలును, అందులోని మనిషిని ఒక ఉదయం పది లోపల శుభ్రం చేసేస్తుంది. ఆ ఆలోచన అతనికి ఆరోజు మొదటిసారి వచ్చింది.

పాఠంలో ఇంకొక్క ముక్క మిగిలింది. దిగని గెస్టులు కొందరుంటారు. తర్వాతి ట్రిప్పుకూ టికెట్ కొన్నవాళ్లు. వాళ్లను 'బ్యాక్ టు బ్యాక్' అంటారు. ఓడంతా ఖాళీ అవుతున్నా వాళ్ల గది ఖాళీ చెయ్యకూడదు. దుప్పటి మార్చాలి, వస్తువు కదపకూడదు. కొత్త కార్డు ఇచ్చి, తనిఖీకి ఒకసారి దిగి వెంటనే ఎక్కాలని పేరుపెట్టి పిలిచి చెప్పాలి. పదినిమిషాల పాఠం.

అప్పుడే వాన మొదలైంది.

ఎమ్మిగనూరులో వాన చుట్టం లాంటిది కాదు, పొరపాటున ఎక్కిన బస్సు లాంటిది. వచ్చి, తప్పు ఊరని తెలిసి దిగిపోతుంది. అందుకని ఎవరైనా పని ఆపి చూస్తారు. సంతోషి నోట్సు మూసి కిటికీ దగ్గరికి పరుగెత్తింది. కింద రోడ్డుమీద ఒకాయన పత్తి లారీకి టార్పాలిన్ కప్పడానికి గాలితో కొట్లాడుతున్నాడు. ఆమె చెయ్యి బయటికి చాచి, తడిచిన వేళ్లు అతని ముఖం మీద విదిలించింది.

"టర్నరౌండ్ డే సార్. మొగం కడిగిన్యా. ఇంగ కొత్తగా పుట్టండి."

నాలుగున్నర బస్సుకు ఆమె వెళ్లిపోయాక పది నిమిషాల పాఠం గుర్తొచ్చింది. రేపు చెబుదామనుకున్నాడు. మర్నాడు ఇంగ్లిష్ ప్రాక్టీసు. ఆ మర్నాడు ఆమె రాలేదు. తర్వాతి రోజు వచ్చింది, టైమూ ఉంది, నోరు తెరిచి వేరే ఏదో చెప్పాడు. పొద్దున బ్యాచ్‌కు ఆ ముక్క పూసగుచ్చినట్టు చెప్పాడు. మధ్యాహ్నం ఆమె ముందు మాత్రం నాలుక దాన్ని దాటి వెళ్లేది. మరిచిపోవడం ఎక్కడ ఆగి, దాచిపెట్టడం ఎక్కడ మొదలైందో అతను వెతుక్కోలేదు. వెతికితే దొరుకుతుందని తెలుసు. అందరినీ అది అడగరులే అనుకున్నాడు.

ఇంటర్వ్యూ బెంగళూరులో. పన్నెండు మందినీ రైలెక్కించడానికి ఆదోని స్టేషన్‌కు వెళ్లాడు. రైలు పావుగంట లేటు. సంతోషి పసుపు చుడీదారులో ఉంది. ఫైలు రెండు చేతులతో గుండెకు హత్తుకుంది.

"భయమా?"

"తప్పు సెప్తానని కాదు. నగుతారేమోనని."

"నగరు."

"మీరు నేర్పిచ్చినారు కదా. యాల నగుతారు."

పావుగంట అంటే ఒకటిన్నర పాఠం. ఉరుకుందు రెండుసార్లు నోరు తెరిచాడు. నీళ్ల సీసా కొనిచ్చాడు. రైలొచ్చింది.

మూడో రోజు వెంకటేశులు కిందనుంచి కేకేశాడు. "ఉరుకుందూ! నలుగురు సెలెక్ట్ అయినారప్పా! దేవేంద్ర ఫస్ట్ అంట!"

"సంతోషి?"

"ఆ పిల్లది పోయింది. ఏడాదిదాకా మళ్ల రావొద్దన్నారంట ఆ ఏజెన్సీవాళ్లు."

ఉరుకుందు మంచం మీద కూర్చున్నాడు. బాధ రావాలి. దానికంటే ముందు, లోపల ఎవరో కుర్చీ లాక్కుని కాళ్లు చాపి హాయిగా కూర్చున్నారు. ఆ మనిషిని అతను స్పష్టంగా చూశాడు. తన ముఖమే.

రెండు గంటలకు సంతోషి వచ్చింది. చేతిలో దేవేంద్ర నోట్సు ఉంది. తెరిచి మంచం మీద పెట్టి, ఒక పేజీ మీద వేలు ఆనించింది.

"ఇది నాకు యాల సెప్పలేదు సార్?"

"మర్సిపోయినా."

"పదకొండు మందికి గుర్తుండింది. నాకొక్కదానికే మర్సిపోయినారా?"

ఆమె నోట్సు మూసింది.

"ఏమైందో సెప్తా వినండి. 'కేబిన్ సిక్స్ వన్ వన్ ఫోర్ బ్యాక్ టు బ్యాక్, వాట్ విల్ యూ డూ' అన్న్యాడు ఇంటర్వ్యూ చేసేటాయన. బ్యాక్ అంటే వెనక్కి కదా. లగేజీ వెనక్కి, గెస్టూ వెనక్కి అనుకున్న్యా. 'ఐ విల్ సెండ్ బ్యాక్ సార్, బోత్' అని ఎంత గట్టిగా సెప్పిన్యానో. ముగ్గురూ నగినారు. ఒకాయన కండ్లద్దాలు తీసి నీళ్లు తుడుసుకున్న్యాడు. నేనూ నగిన్యా సార్. వాళ్లతోపాటు. బాగా సెప్పిన్యా, అందుకే నగుతాండారనుకోని."

ఉరుకుందు మంచం మీది నోట్సును వేలితో పక్కకు జరిపాడు.

"రైలంతా మీకోసం సాకులు ఎతుక్కుంటా వచ్చిన్యా. వానొచ్చింది పాపం, మర్సిపోయింటాడు అని. గుంతకల్లు దాటినాక గుర్తొచ్చింది. స్టేషన్లో రెండుసార్లు నోరు తెర్సి మూసినారు. మర్సిపోయిన మనిషి నోరు తెరవడు. తెల్సి సెప్పలేదు. అవునా, కాదా?"

"అవును."

"యాల?"

చెప్పదగిన మాట ఒకటే ఉంది. నెల రోజులుగా గొంతులోనే ఉంది. కానీ ఇప్పుడు పైకి తీస్తే అది ప్రేమ అవదు, సాకు అవుతుంది. ఆమె పోగొట్టుకున్నదాని మీద ఆమె చేతనే సంతకం పెట్టించుకున్నట్టు అవుతుంది. అతను మంచం అంచు పట్టుకుని ఊరుకున్నాడు.

ఆమె, లాడ్జీలో ఎవరో మరిచిపోయిన వస్తువు గురించి చెబుతున్నంత మామూలుగా అంది. "సెలెక్ట్ అయినాక మిమ్మల్ని ఒకమాట అడుగుదామనుకున్న్యా. షిప్పులో ఉండే తొమ్మిది నెలలు నాకోసరం ఎదురుసూస్తారా అని. రైల్లో పోయేటప్పుడు ఎట్లడగాలో మూడురకాలుగా అనుకున్న్యా. తిరిగొచ్చేటప్పుడు అడగాలనిపియ్యలేదు."

అతను లేచాడు. "సంతోషీ—"

"కూసోండి సార్. చెన్నైలో ఇంగో ఏజెన్సీ ఉండాదంట. ఇరవై దినాల్లో ఇంటర్వ్యూ. మా యమ్మ ఇంగొక్కసారి పొమ్మనింది. టర్నరౌండ్ డే మళ్ల సెప్పండి. మొదట్నించి."

ఆమె బెంచీ మీద కూర్చుని, తెల్ల పేజీ తిప్పి, పెన్ను మూత తీసింది.

ఉరుకుందు చెప్పాడు. తెల్లవారి ఆరింటికి ఓడ రేవులో ఆగడం దగ్గర మొదలుపెట్టాడు. ఏ సంచిలో ఏ బట్ట వెయ్యాలో, ఏ గది ముందు ఎత్తుకోవాలో, ఏడ్చే ముసలామె చెయ్యి నొప్పించకుండా ఎట్లా విడిపించుకోవాలో చెప్పాడు. ఏ పుస్తకంలోనూ లేనివి చెప్పాడు. పదకొండింటికి కాళ్లు తేలిపోతాయనీ, అప్పుడు ఉప్పు వేసిన నీళ్లు తాగాలనీ. నడుము వంచి కాదు, మోకాళ్లు వంచి పరుపు ఎత్తాలనీ. ముప్పై ఒకటో థాంక్యూ వినబడదనీ. బ్యాక్ టు బ్యాక్ దగ్గరికి వచ్చినప్పుడూ ఆపకుండా చివరిదాకా చెప్పాడు. ఇంత బాగా పాఠం అతను ఎన్నడూ చెప్పలేదు. ఆమె ఒక్కసారి కూడా తల ఎత్తలేదు, అక్షరం అక్షరం రాసుకుంది.

మూడున్నర దాటింది. ఆమె రాసిందంతా పైనుంచి కిందికి ఒకసారి చదువుకుంది.

"ఇంగేమన్నా ఇడిసిపెట్టినారా సార్?"

పెన్ను కాగితం మీదే ఉంది. ఈసారి ఆమె సూటిగా అతని ముఖంలోకే చూస్తోంది. అడుగుతున్నది పాఠం గురించే కాదని ఇద్దరికీ తెలుసు. ఆ కళ్లలో క్షమ లేదు. వినే ఓపిక మాత్రం ఇంకా కొంచెం మిగిలి ఉంది, ఒక్క మాటకు సరిపడేంత. అది చెబితే ఆమె దాన్ని చెన్నైదాకా మోసుకుపోవాలి, ఇంటర్వ్యూ గదిలోకి కూడా. చెప్పకపోతే తేలికగా పోతుంది. ఇది ఆమెకోసమే అనుకున్నాడు. స్టేషన్లోనూ ఏదో ఒకటి ఇట్లాగే అనుకున్నానని, ఆ వెంటనే గుర్తొచ్చింది.

"లేదు," అన్నాడు.

ఆమె పెన్నుకు మూత పెట్టింది. రెండు నోట్సులూ సంచిలో వేసుకుని, గుమ్మం దగ్గర వంగి చెప్పులు తొడుక్కుంది. మెట్లమీద అడుగులు తొందరపడకుండా దిగాయి.

"ఏమ్మా, అప్పుడే అయిపోయిందా?" కింద వెంకటేశులు గొంతు.

"అయిపోయిందన్నా," అంది సంతోషి.